ఫైబర్ ముందా, ఐటీ పార్కు ముందా, బడిల కంప్యూటర్ ముందా – ఒక చిన్న దేశం ఐటీ ప్లాన్ మీద నా జవాబు

తమ్మీ, నీ ప్రశ్న మొత్తం చదివిన. తూర్పు ఆఫ్రికాల ఒక చిన్న దేశం, అక్కడి ఐసీటీ (ఐటీ, టెలికాం) మినిస్ట్రీకి అయిదేండ్ల జాతీయ ప్లాన్ రాసే కన్సల్టింగ్ టీమ్‌ల నిన్ను వేసిన్రు, ఇండియా నుంచి వచ్చినవ్ గదా మొదటి డ్రాఫ్ట్ నువ్వే రాయి అన్నరు, ఇప్పుడు డబ్బులు ముందు ఫైబర్ (ఇంటర్నెట్ కేబుల్) మీద పెట్టమనాల్నా, ఐటీ పార్కు కట్టమనాల్నా, బడులల్ల కంప్యూటర్లు పెట్టమనాల్నా అని అడిగినవ్. నేను టెలికాం డిపార్ట్‌మెంట్ల జేటీఓగ (జూనియర్ టెలికాం ఆఫీసర్) చేరి వరంగల్, కరీంనగర్ దిక్కు ఎక్స్ఛేంజీలు చూసి, తర్వాత డెప్యుటేషన్ మీద జిల్లా ఆఫీసుల కంప్యూటర్ పనులకు పోయి, ఇప్పుడు రిటైరై హన్మకొండల కూసున్న మనిషిని. నేను పాలసీలు రాయలే, పై నుంచి వచ్చిన పాలసీ మండలం దాక వచ్చేసరికి ఏమైతదో చూసిన. జవాబు పొడుగైతది, తీరిగ్గ చదువు.

మొదలు ఒకటి తేల్చుకో. ఐటీ పెంచాలె అని మీ మినిస్టర్ అన్నడంటే ఆయన మనసుల ఏముంది? బయటి దేశాలకు సాఫ్ట్‌వేర్ అమ్మి డాలర్లు తెచ్చుడా, లేకుంటే ఊర్లె రైతు, ఆస్పత్రి, బడి, తాసీల్దార్ ఆఫీసు కంప్యూటర్‌ను వాడుడా? ఈ రెండూ ఒకటే అనుకొని ప్లాన్ రాసేటోళ్లు మస్తు మంది ఉన్నరు, నువ్వు పంపిన ప్రశ్నల గూడ రెండూ కలిసిపోయినయ్. ఒకదానికి కావాల్సినయి ఇంకోదానికి అక్కర రావు, మన దేశమే దానికి పెద్ద రుజువు.

ఎట్లనో చెప్త. 1984 నవంబర్ల రాజీవ్ గాంధీ వచ్చిన కొత్తల కంప్యూటర్ పాలసీ మార్చిన్రు, దిగుమతి సుంకాలు తగ్గించిన్రు, 1985ల టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగుళూరుల ఆఫీసు తెరిచి సాటిలైట్ లింకు మీద డిజైన్ పని బయటికి పంపుడు మొదలుపెట్టింది, 1986ల సాఫ్ట్‌వేర్ ఎగుమతికి ప్రత్యేకంగ ఒక పాలసీ వచ్చింది, 1991ల ఎస్‌టీపీఐ (సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా) అనే ప్రభుత్వ సంస్థ పెట్టిన్రు. ఈ ఎస్‌టీపీఐ గురించి అందరు టెక్నాలజీ పార్కు అని బిల్డింగు లెక్క చెప్తరు, అసలు కథ బిల్డింగుల లేదు. అప్పట్ల ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాలంటే టెలికాం డిపార్ట్‌మెంట్ దగ్గర డేటా లైన్ కోసం తిరగాలె, కస్టమ్స్ దగ్గర కంప్యూటర్ విడిపించుకునేటందుకు తిరగాలె, పర్మిషన్ల కోసం ఢిల్లీ తిరగాలె. ఎస్‌టీపీఐ ఏం చేసిందంటే సొంతంగ ఎర్త్ స్టేషన్ (సాటిలైట్‌తోటి డేటా పంపే కేంద్రం) పెట్టి 64 కేబీపీఎస్ లింకులు కంపెనీలకు పంచింది, సుంకం లేకుండ మిషన్లు తెచ్చుకోనిచ్చింది, ఒక్క ఆఫీసుల సంతకాలన్నీ అయ్యేటట్టు చేసింది, దానికి తోడు ఎగుమతి ఆదాయం మీద ఇన్‌కమ్ టాక్స్ మినహాయింపు 2011 మార్చి దాక నడిచింది. అంటే దేశమంతా బాగుచేసుడు పెట్టుకోకుండ, ఆ కంపెనీల వరకు అడ్డాలు తీసేసిన్రు. తెలివైన పనే.

కానీ అదే 1991ల దేశంల ఫోన్ల సంగతి ఏంది? వంద మందికి ఒక్క ఫోన్ గూడ లేదు, 0.6 ఉండె. మా ఎక్స్ఛేంజీలల్ల వెయిటింగ్ లిస్టు రిజిస్టర్లు బీరువాల నిండ ఉండేటివి. బెంగుళూరుల ఒక కంపెనీ అమెరికాకు కోడ్ పంపుతుంటే, పరకాల నుంచి వరంగల్‌కు ట్రంక్ కాల్ బుక్ చేసి కూసునేటోళ్లు. 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ కంపెనీ వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ ఇచ్చింది, మంచి కనెక్షన్ కావాలంటే ఏడాదికి 15,000 రూపాయలు, అది ఎవలు కొంటరు? ఇప్పటి లెక్క తీసుకో, 2023–24ల ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ చెప్పినదాని ప్రకారం ఐటీ ఎగుమతులు దాదాపు 200 బిలియన్ డాలర్లు, పనిచేసేటోళ్లు 54 లక్షల చిల్లర. 140 కోట్ల మందిల 54 లక్షలు. నేను తక్కువ చేసి మాట్లాడుతలేను, మా ఇంట్ల పిల్లలు గూడ ఆ ఉద్యోగాల మీదనే బతుకుతున్నరు, కానీ ఎగుమతి పెరిగితే దేశంల ఐటీ దానంతటదే పాకుతది అని ఎవలన్న చెప్తే నమ్మకు, మన దగ్గర అట్ల జరగలే.

ఇంకోటి, ఎగుమతి మోడల్‌కు వెనక ఏముందో గూడ చూడాలె. 1998 నవంబర్ల సైబర్ టవర్స్‌ను వాజ్‌పేయి గారు ప్రారంభించిన్రు, అక్కడి నుంచే హైదరాబాద్ ఐటీ మొదలైందని అనుకుంటరు. అంతకు ముందు 30 ఏండ్ల నుంచి అక్కడ ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ ఉంది, 1967ల పెట్టిన్రు, మన దేశంల మొదటి దఫా కంప్యూటర్లు అక్కడ తయారైనయ్. బీహెచ్‌ఈఎల్, డీఆర్‌డీఎల్, హెచ్‌ఏఎల్, ఉస్మానియా ఉండె, ఇటు వరంగల్ల ఆర్‌ఈసీకి (ఇప్పటి నిట్ ఇంజినీరింగ్ కాలేజీ) 1959ల నెహ్రూ పునాదిరాయి వేసిండు. అన్ని తరాల ఇంజినీర్లు తయారై ఉన్నంక ఆ టవర్ కట్టిన్రు కాబట్టి నిండింది. మీ దేశంల ఏడాదికి ఎంత మంది ఇంజినీర్లు బయటికొస్తున్నరో ముందు లెక్క తీయి, అది వందలల్ల ఉంటే ఐటీ పార్కు మాట ఇప్పట్ల ఎత్తకు, కట్టినా బ్యాంకోళ్లు, ప్రభుత్వ ఆఫీసులోళ్లే కిరాయికుంటరు.

మన జిల్లాల టవర్ల గురించి అడిగినవ్, అవి ఫెయిలా పాసా అని. మడికొండ ఐటీ పార్కుల 2020 జనవరిల టెక్ మహీంద్రా, సైయెంట్ సెంటర్లు తెరిచిన్రు, అదే ఏడాది కరీంనగర్ల ఐటీ టవర్ వచ్చింది, 2023ల నిజామాబాద్ల వచ్చింది. ఇట్ల చిన్న పట్నాలకు పని తెచ్చుడు నాకు నచ్చిన పనే. కానీ వరంగల్‌కు నిట్ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది, చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నయ్, హైదరాబాద్ రెండున్నర మూడు గంటల దూరంల ఉంది, అయినా గూడ కంపెనీ వచ్చి నిలబడాలంటే మేనేజర్ స్థాయి మనిషి ఇక్కడ కాపురం పెట్టాలె, పిల్లల స్కూల్, భార్య ఉద్యోగం అన్నీ చూసుకుంటడు, పెద్ద క్లయింట్ ఎయిర్‌పోర్ట్ ఎక్కడుందని అడుగుతడు. ఇన్ని ఉన్న ఊరికే ఇంత కష్టం ఉంటే, ఏమీ లేనికాడ అద్దాల బిల్డింగు ఏం చేస్తది? మలేషియా 1996ల మల్టీమీడియా సూపర్ కారిడార్ అని సైబర్‌జయ ఊరే కొత్తగ కట్టింది, మీ మినిస్టర్ దాని ఫొటో చూపిస్తడు చూడు, ప్రతి మినిస్టర్ చూపిస్తడు. మలేషియా అప్పటికే ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలల్ల 20 ఏండ్లకు పైగ ముదిరిన దేశం అని చెప్పు.

తలుపులు మూసి సొంతంగ తయారుచేసుకుందం అనే దారి గురించి ఎక్కువ రాయను. బ్రెజిల్ 1984ల చట్టం తెచ్చి చిన్న కంప్యూటర్ల మార్కెట్ సొంత కంపెనీలకే అని కట్టుదిట్టం చేసింది, ధరలు పెరిగినయ్, స్మగ్లింగ్ పెరిగింది, 1992ల ఎత్తేసిన్రు. మన దగ్గర 1978ల ఐబీఎం వెళ్లిపోయింది, వాళ్ల మిషన్లు నడిపే పని సీఎంసీ అనే ప్రభుత్వ కంపెనీ నెత్తిన పడ్డది, ఆ కంపెనీ మనుషులే 1980ల నడుమ రైల్వే రిజర్వేషన్ కంప్యూటరైజ్ చేసిన్రు. అంటే మూసుడుల గూడ ఒక్క లాభం ఉండె, రిపేర్ చేసే చేతులు తయారైనయ్. ఆ ఒక్కటి పట్టుకో, మిగతాది వదిలేయ్.

ఇప్పుడు నా అసలు మాటకు వస్త. మీ దేశానికి ముందు కావాల్సింది వాడకం, ఆ వాడకానికి మొదటి గిరాకీ ప్రభుత్వమే కావాలె, నెల నెల బిల్లు కట్టే గిరాకీ. సామాన్లు కొనిచ్చే దాత లెక్క ఉంటే సరిపోదు. ఈ తేడా కొరియావాళ్లకు అర్థమైనంత బాగ ఇంకెవలకూ కాలే. 1995ల వాళ్లు కొరియా ఇన్ఫర్మేషన్ ఇన్ఫ్రాస్ట్రక్చర్ అని మొదలుపెట్టిన్రు. ప్రభుత్వం తానే కేబుల్ వేయలే, కొరియా టెలికాం, డాకామ్ కంపెనీలకు ముందే పైసలు ఇచ్చింది, ఎందుకు, ప్రభుత్వ ఆఫీసులు, బడులు రేపు వాడుకోబోయే సర్వీసుకు అడ్వాన్సుగ. కంపెనీలు ఆ పైసలతోటి లైన్ వేసి ఆఫీసులకు సర్వీసు ఇచ్చుకుంట ఆ బాకీ తీర్చుకున్నయ్, మిగిలిన కెపాసిటీ జనానికి అమ్ముకున్నయ్. సర్వీసు ఇయ్యకుంటే బాకీ తీరదు, అందుకే లైన్ బతికి ఉండాలె అనే తలనొప్పి కంపెనీదే. 1999ల సైబర్ కొరియా 21 అని ఇంకో ప్లాన్ తెచ్చిన్రు, అపార్ట్‌మెంట్ల లోపల వైరింగ్ మంచిగుంటే బిల్డింగుకు సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి పెట్టిన్రు, బిల్డర్లు ఆ బోర్డు కోసం పోటీపడి వైరింగ్ చేసిన్రు, ఇంట్ల ఉండే ఆడోళ్లకు, ముసలోళ్లకు కంప్యూటర్ నేర్పే క్లాసులు పెట్టిన్రు. 2002 కల్లా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు కోటి దాటినయ్. మీ దేశం కొరియా కాదు, తెలుసు, కానీ పైసలు ఇచ్చే తరీక మాత్రం కాపీ కొట్టొచ్చు.

మనం చేసిన తరీక ఏంది? 2011 అక్టోబర్ల కేంద్రం నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కు ఓకే చెప్పింది, 20,000 కోట్లు, రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలు, రెండేండ్లల్ల అయిపోవాలె అన్నరు. తర్వాత పేరు భారత్‌నెట్ అయింది. మొదటి లక్ష పంచాయతీలు పూర్తయేసరికి 2017 డిసెంబర్ వచ్చింది. ఎందుకు ఆలస్యమైందో కింద నుంచి చూసినోనిగ చెప్త, ఇది మీ డ్రాఫ్ట్‌కు మస్తు అక్కరొస్తది. మండలం నుంచి ఊరి దాక కొంత దూరం పాత ఫైబర్ ఉండె, ఎప్పుడో వేసింది, దానికి చివర కొత్త ముక్క అతికి పంచాయతీ ఆఫీసుకు తీసుకపోవాలె, ఇది ప్లాన్. కాగితం మీద ఖర్చు తగ్గింది. కానీ పాత ఫైబర్ల జాయింట్లు పాడైనయ్, అవి ఎక్కడున్నయో మ్యాపులు సరిగ్గ లేవు, లైన్ మొత్తం ఒకే గొలుసు, నడుమ ఒక్కకాడ జేసీబీ తగిలితే ఆవల ఉన్న ఊర్లన్నీ బంద్. రోడ్డు వెడల్పు చేసేటోళ్లు ఒక డిపార్ట్‌మెంట్, నీళ్ల పైపు వేసేటోళ్లు ఇంకో డిపార్ట్‌మెంట్, కేబుల్ తెగితే తెంపినోడు నాకు చెప్పలేదంటడు, వేసినోడు నా డ్యూటీ అయిపోయిందంటడు.

ఊర్లె పంచాయతీ ఆఫీసుల పెట్టిన ఇంటర్నెట్ డబ్బా సంగతి ఇంకోటి. ఆ గది తాళంచెవి సెక్రటరీ దగ్గర, సెక్రటరీ మీటింగుకు మండలం పోతడు, కరెంట్ బిల్లు ఎవలు కట్టాల్నో రాసిలేదు, బ్యాటరీ రెండో ఎండాకాలం దాటదు. కాంట్రాక్టర్‌కు బిల్లు కిలోమీటర్ల లెక్కన అయితది, ఇన్ని కిలోమీటర్లు తవ్విన, ఇన్ని కిలోమీటర్లు వేసిన, కొలత పుస్తకంల రాసిన్రు, సంతకం పెట్టిన్రు, అయిపాయె. పై వరకు పోయే రిపోర్టుల గూడ కిలోమీటర్లే. ఆ లైన్ల నిన్న ఎన్ని గంటలు సిగ్నల్ ఉండె అని అడిగే కాలమ్ ఆ ఫారంల లేదు. నువ్వు రాసే ప్లాన్ల ఒక్క ముక్క నా మాట విని పెట్టు, కాంట్రాక్టర్‌కు వేసినందుకు సగం, మిగతా సగం అయిదేండ్లు నడిపినందుకు నెల నెలకు. 2023 ఆగస్టుల కేంద్రం సవరించిన భారత్‌నెట్‌కు 1,39,579 కోట్లు ఓకే చేసినప్పుడు గొలుసు బదులు రింగు పద్ధతి పెట్టింది, ఒకదిక్కు తెగితే ఇంకో దిక్కు నుంచి సిగ్నల్ వస్తది, నడిపే ఖర్చు గూడ లెక్కల పెట్టింది. పన్నెండేండ్లు పట్టింది ఆ మాట కాగితం మీదికి రాను. మన రాష్ట్రంల మిషన్ భగీరథ నీళ్ల పైపు కోసం తవ్విన కందకంలనే టీ ఫైబర్ (రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ ప్రాజెక్టు) డక్ట్, అంటే కేబుల్ పోయే పైపు గూడ పెట్టాలె అన్న ఆలోచన మాత్రం వందకు వంద సరైంది, ఎందుకంటే ఫైబర్ ఖర్చుల పెద్ద వాటా తవ్వుడుకే పోతది, గాజు తీగ ధర తక్కువ. మీ దేశంల రోడ్లు, నీళ్లు, కరెంటు పనులు ఎవలు చేస్తున్నరో చూసి, తవ్వే ప్రతి చోట ఖాళీ డక్ట్ వేసి పోవాలె అని ఒక రూల్ పెట్టించు, దీనికి పెద్ద పైసలు గూడ కావు.

అయితే ఊర్లకు ఇంటర్నెట్ నిజంగ ఎవలు తెచ్చిన్రు అంటే 2016 సెప్టెంబర్ల జియో వచ్చినంక ధరలు పడిపోయి సెల్ టవర్లు తెచ్చినయ్, పంచాయతీ డబ్బా తేలే. ఇది ఒప్పుకోవాలె. కాకపోతే ఆ ధర పడుడుకు వెనక 1994, 1999 టెలికాం పాలసీలు, 1997ల ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ), గుత్తాధిపత్యం తీసేసుడు ఇవన్నీ ఉన్నయ్. ముఖ్యంగ 1999ల ముందే ఖాయం చేసిన లైసెన్సు ఫీజు కట్టుడు తీసేసి ఆదాయంల వాటా అన్నరు, అంతే, కంపెనీల పీక మీద కత్తి పోయింది. కాబట్టి మీ దేశంల ఒక్కటే కంపెనీకి హోల్‌సేల్ హక్కులు (నెట్‌వర్క్ తానే పెట్టి మిగతా కంపెనీలకు అమ్మే హక్కులు) ఇద్దాం అని ఎవలన్న ప్రతిపాదన తెస్తే రువాండాను చూపించు. రువాండా 2001 నుంచి అయిదేండ్లకు ఒక ప్లాన్ చొప్పున మస్తు క్రమశిక్షణతోటి పోయింది, మొదటి ప్లాన్ల చట్టాలు, సంస్థలు, రెండో ప్లాన్ల దేశమంతా ఫైబర్ బ్యాక్‌బోన్, మూడో ప్లాన్ల సర్వీసులు. వరస నాకు బాగ నచ్చింది. కానీ 4జీ మాత్రం కొరియా టెలికాంతోటి కలిసి పెట్టిన ఒక్క కంపెనీ చేతులనే పెట్టిన్రు, కవరేజీ 95 శాతం దాటింది, వాడేటోళ్లు మాత్రం అంత పెరగలే, చేతిల 4జీ ఫోన్ లేదు, ధర అందలే, చివరికి 2023ల మిగతా కంపెనీలకు తలుపు తెరిచిన్రు.

నువ్వు ఉన్న దిక్కు ఇంకో ముచ్చట, 2009 దాక తూర్పు ఆఫ్రికాకు సముద్రం కింద కేబుల్ లేదు, అంతా సాటిలైట్ మీదనే, ఆ ఏడాది సీకామ్, టీమ్స్ అనే కేబుళ్లు వచ్చినంక హోల్‌సేల్ ధర పడ్డది. ఎం-పేసా (కెన్యాల ఫోన్ మీద పైసలు పంపే సర్వీసు) మాత్రం అంతకు ముందే, 2007ల, మామూలు బటన్ ఫోన్ మీద, మెసేజ్‌ల పద్ధతిల నడిచింది. కెన్యా సెంట్రల్ బ్యాంకోళ్లు (మన రిజర్వు బ్యాంకు లాంటోళ్లు) ముందు కొత్త చట్టం రాయాలె అని కూసోకుండ, కంపెనీకి మేం అభ్యంతరం చెప్పం అని కాగితం ఇచ్చి, పైసలు బ్యాంకుల ట్రస్టు ఖాతాల ఉండాలె అని షరతు పెట్టి, చూసుకుంట పోయిన్రు. నీ దేశంల ఇంటర్నెట్ స్పీడు లేదని సర్వీసులు ఆపాల్సిన పనిలేదు అనేటందుకు ఇంతకన్న ఉదాహరణ దొరకదు.

మన దగ్గర దీనికి అన్నలాంటిది ఎస్‌టీడీ బూత్. ఇంటికో ఫోన్ ఇయ్యలేము, అయితే ఊరికో బూత్ ఇద్దాం, నడిపేటోనికి కమీషన్ ఇద్దాం. అదే టైంల ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజి చేసింది, 1986ల కర్ణాటకల కిత్తూరుల మొదటిది పెట్టిన్రు, ఏసీ లేకుండ నడిచేది. రామగుండం ఎండల, ఆ దుమ్ముల, కరెంట్ వచ్చుకుంట పోవుకుంట ఉండే ఊర్లల్ల ఆ చిన్న డబ్బాలు ఎట్ల నడిచినయో నేను కండ్లార చూసిన, బయటినుంచి తెచ్చిన పెద్ద మిషన్లు ఏసీ బంద్ అయితే సతాయించేటివి. మీ టెండర్ల ఏ సామాను రాసినా ముందు అక్కడి ఎండకు, కరెంటుకు ఆగుతదా అని రాయించు, అది రాయకుంటే తక్కువ రేటు కోట్ చేసినోడు చల్ల దేశం సామాను తెచ్చి పెడతడు.

మీసేవ గూడ బూత్ లెక్కనే నిలబడ్డది. 2011 నవంబర్ల మొదలైంది, సెంటర్ నడిపేది ప్రైవేట్ మనిషి, సర్టిఫికెట్‌కు ఇంత అని జనం కట్టే చార్జీల ఆయన వాటా ఉంటది, కాబట్టి కరెంట్ పోతే ఇన్వర్టర్ ఆయనే తెచ్చుకుంటడు, నెట్ పోతే ఇంకో కంపెనీ డాంగిల్ పెడతడు, కార్యదర్శి లెక్క తాళం వేసుకొని పోడు. దానికి ముందు ఇంకో పని చేసిన్రు, ఎవలూ దాని గురించి చెప్పరు, డిజిటల్ సంతకం ఉన్న కాగితం చెల్లుతది, మళ్ల పచ్చసిరా సంతకం అడగొద్దు అని అన్ని ఆఫీసులకు చెప్పిన్రు, 2000 ఐటీ చట్టం ఉండబట్టే అది సాధ్యమైంది. ఆ ఒక్క ఆర్డర్ లేకుంటే సెంటర్లన్నీ జిరాక్స్ షాపులే అయ్యేటివి.

రికార్డుల దగ్గర మాత్రం జాగ్రత్త తమ్మీ, ఇక్కడ తొందరపడితే జనం ఉసురు తగులుతది. కర్ణాటకల భూమి ప్రాజెక్టు 2000–01ల దాదాపు రెండు కోట్ల భూమి రికార్డులు కంప్యూటర్ల ఎక్కించి, తర్వాత చేతితోటి రాసిన పహాణీ చెల్లదు అన్నరు, అది గట్టి నిర్ణయం. మన దగ్గర 2017ల రికార్డుల ప్రక్షాళన, 2018 మేల హుజూరాబాద్ల రైతుబంధు మొదలు, 2020 అక్టోబర్ 29న ధరణి అనే భూమి రికార్డుల పోర్టల్. రైతు ఖాతాలకు సీదాగ పైసలు పోవాలంటే రికార్డు కంప్యూటర్ల ఉండాలె, అది నిజమే. కానీ తగాదా ఉన్న భూములు పార్ట్-బీ అనే వేరే జాబితాల పడ్డయ్, పేరుల అక్షరం తప్పు, విస్తీర్ణంల గుంట తేడా, ఇవి కింద ఆఫీసుల సరిచేసే అధికారం సరిగ్గ ఇయ్యలే, అర్జీలు కలెక్టర్ దాక పోయినయ్, కలెక్టర్ ఎన్ని చూస్తడు? చివరికి 2025 ఏప్రిల్ల భూభారతి అని కొత్త చట్టంతోటి కొత్త పోర్టల్ తెచ్చిన్రు, అప్పీలుకు మెట్లు పెట్టిన్రు. కాగితం మీద తప్పు ఉన్నప్పుడు పట్వారీ కాళ్లో వేళ్లో పట్టుకొని సరిచేయించుకునేటోళ్లు, అది లంచమే కానీ ఒక దారైతే ఉండె, కంప్యూటర్ల తప్పు పడ్డంక ఆపరేటర్ స్క్రీన్ చూపించి ఆప్షన్ లేదన్నా అంటడు. మీ డ్రాఫ్ట్‌ల ఏ రికార్డు కంప్యూటర్ల పెట్టమన్నా, తప్పు సరిచేసే అధికారి ఎవలు, ఎన్ని రోజులల్ల, ఎంత దూరంల అనేది సాఫ్ట్‌వేర్ టెండర్ కన్న ముందు రాయి.

భాష గురించి చిన్నగ. మన జిల్లాలల్ల ఏండ్ల తరబడి డీటీపీ సెంటర్లల్ల, ఆఫీసులల్ల అను ఫాంట్లతోటి టైప్ చేసిన తెలుగు ఫైళ్లు కుప్పలున్నయ్, ప్రింట్ ముత్యాల లెక్క వస్తది, వేరే కంప్యూటర్ల తెరిస్తే పిచ్చి గీతలు, వెతికితే దొరకదు. యూనికోడ్‌ల (అన్ని కంప్యూటర్లల్ల ఒకటే తీరు కనపడే అక్షరాల కోడ్) తెలుగు 1991 నుంచే ఉంది, ఈ-గవర్నెన్స్‌కు యూనికోడే అని కేంద్రం చెప్పింది 2009ల. ఆ నడుమ కొట్టిన టైపింగ్ అంత మళ్ల కొట్టాల్సిందే. మీ దగ్గర ఇంగ్లీష్ అక్షరాలతోటి రాసే భాష అయితే ఈ గోస తక్కువ, అమ్హారిక్ లెక్క సొంత లిపి ఉంటే మాత్రం మొదటి రోజే తేల్చాలె.

బడులల్ల కంప్యూటర్ల మాటకొస్తే, ఎక్కువ మందికి ఇష్టమైన పని ఇదే, ఫొటోల మంచిగ పడతది. పెరూ 8 లక్షల పైచిలుకు ల్యాప్‌టాప్‌లు పిల్లలకు పంచింది, ఇంటర్-అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు వాళ్లు 319 బడులల్ల పరీక్షించి 2012ల చెప్పింది ఏందంటే లెక్కలల్ల, భాషల ఫరక్ ఏం కనపడలే అని. సారుకు నేర్పకుండ పిల్లగానికి డబ్బా ఇస్తే అంతే అయితది. కేరళ వాళ్లు ఐటీ@స్కూల్ల సార్లకు, టీచరమ్మలకు ముందు ట్రైనింగ్ ఇచ్చి, ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, చిన్న రిపేర్లు బడిలనే చేసుకునేటట్టు తయారుచేసిన్రు, అందుకే అది నిలిచింది. ఇంకో మాట, ఇంజినీర్ల కన్న మీకు ముందు టెక్నీషియన్లు కావాలె. మా దగ్గర బీటెక్ పిల్లలు వీధికి పది మంది, ఫైబర్ స్ప్లైసింగ్ (తెగిన తీగ అతికే పని) వచ్చిన పిల్లగాడు మండలానికి ఒక్కడు దొరకడు, కేబుల్ తెగితే హైదరాబాద్ నుంచి స్ప్లైసింగ్ మిషన్ పట్టుకొని టీమ్ వచ్చేదాక చూడాలె. ఐటీఐ స్థాయిల ఏడాది కోర్సు, చేతికి ఒక మిషన్, జిల్లాకు ఇరవై మంది, ఇది పార్కు కన్న ఎన్నో వంతుల చౌక.

కాబట్టి మీ డ్రాఫ్ట్‌ల నా వరస ఇది. మొదటి ఏడాది జనం ఎక్కువ తిరిగే ఆఫీసులు ఒక నాలుగైదు పట్టుకొని ఆ పనుల చట్టాలు, సంతకాల రూళ్లు సరిచేసుడు, డక్ట్ రూల్, టెలికాం పోటీ రూళ్లు. వీటికి పైసలు తక్కువ, పొలిటికల్ మద్దతు ఎక్కువ కావాలె, మినిస్టర్ కొత్తగ ఉన్నప్పుడే అయితయ్. తర్వాత ప్రభుత్వ ఆఫీసులన్నిటి ఇంటర్నెట్ బడ్జెట్ ఒక్కకాడికి తెచ్చి, కొరియా తీరుగ కంపెనీలకు అడ్వాన్సు ఇచ్చి లైన్ వేయించుడు, దాంతోపాటే టెక్నీషియన్ కోర్సులు, ఏజెంట్ సెంటర్లు. బడులు సార్ల ట్రైనింగ్ నుంచి మొదలు. పార్కు అయిదో ఏడాదిల, అదీ అప్పటిదాక పని నేర్చిన పిల్లలు కనపడితేనే. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు సోర్స్ కోడ్ (ప్రోగ్రామ్ అసలు రాత), డేటా రెండూ ప్రభుత్వం పేరు మీద ఉండాలె అని రాయించు, లేకుంటే వెండర్ మారుదామంటే అయిదేండ్ల తర్వాత సతాయిస్తడు. డేటా రక్షణ చట్టం గూడ మొదట్లనే, మనం 2023 దాక లాగినం, అంత లాగొద్దు.

ఈ వారం నువ్వు చేయాల్సిన పని ఒకటి చెప్త. అక్కడ యూనివర్సల్ సర్వీస్ ఫండ్ ఉందేమో కనుక్కో, చాలా దేశాలల్ల ఉంటది, టెలికాం కంపెనీల ఆదాయంల కొంత శాతం ఊర్ల కోసం అని పక్కకు తీస్తరు. మన దగ్గర 2002 నుంచి 5 శాతం తీసుకున్నరు, ఏండ్ల తరబడి వేల కోట్లు ఖర్చు కాకుండ పడి ఉండె, ఇప్పుడు దాన్ని డిజిటల్ భారత్ నిధి అంటున్నరు. అక్కడ గూడ ఆ ఖాతాల పైసలు మూలుగుతుంటే మీకు ప్రపంచ బ్యాంకు అప్పు కన్న ముందు అదే దిక్కు, పైగ నడిపే ఖర్చుకు ఇయ్యొచ్చా, కొనుడుకే ఇయ్యాల్నా అని ఆ ఫండ్ రూల్స్‌ల ఒక లైన్ ఉంటది. ఆ లైన్ ఏముందో చూసి ఇక్కడ పెట్టు, మిగతా ముచ్చట దాన్నిబట్టి మాట్లాడుకుందాం.